గట్టుపేట కోటగోడకు నేను పూయించిన సిమెంటు

మీ ఊరి దగ్గర పాతకోట గోడ ఒకటి ఉందనుకుందాం. దాన్ని ఏ రాజు కట్టించాడని అడుగుతారు. ఎప్పుడు కట్టించాడని అడుగుతారు. ఆ రాజు పోయాక ఇన్ని తరాలపాటు అది పడిపోకుండా ఎవరు చూసుకున్నారని మీలో ఒక్కరైనా అడిగారా?

నేనూ అడగలేదు. పాత కట్టడాల సంరక్షణలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే గడిచింది. ఆ ప్రశ్న తట్టడానికి నాకు సగం సర్వీసు పట్టింది, ఒక గోడ కూలవలసి వచ్చింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఇంటికొచ్చి అనుభవాలు రాయమంటున్నారు. బదిలీలు, ప్రమోషన్లు, ఫైళ్ల సంగతి ఎవరైనా చెబుతారు. నేను ఒక్క గోడ గురించే రాస్తాను. నా చేతుల మీదుగా కూలిన గోడ అది. ఊరి పేరు, మనుషుల పేర్లు మార్చాను. మిగతాది మార్చలేదు.

ఉద్యోగం నిజంగా ఏమిటి

తవ్వితే బంగారు నాణేలు, రాగిరేకులు బయటపడతాయని ఆశపడి వచ్చేవాళ్లు ఇప్పుడే వేరే పని చూసుకోండి. మన పని గడ్డి కోయించడం. రాళ్ల సందుల్లో మొలిచిన రావిమొక్కను వేలంత లావున్నప్పుడే పీకించడం. నిధి ఉందని గుంతలు తవ్వేవాళ్లను ఆపి తిట్లు తినడం. తమ ఊరికి గొప్ప రాజవంశం ఒకటి అంటగట్టమని వచ్చిన పెద్దమనుషులతో "ఇది చిన్న జమీందారు శిస్తు వసూలు చేసుకున్న ఠాణా అండీ, అంతకంటే ఏమీ లేదు" అని చెప్పి వాళ్ల చేత కూడా తిట్లు తినడం.

ఈ చివరి పని నాకు భలే ఇష్టంగా ఉండేది. విజయనగరంలో చదువుకునే రోజుల్లో మా వీధి గ్రంథాలయంలో వారం వారం వాదసభ జరిగేది. కులం, కట్నం, శకునం, వాస్తు, దేన్నీ వదిలేవాళ్లం కాదు. సభ నడిపే మాస్టారు మాకు ఒక్క ఆయుధం ఇచ్చారు. ఎవరేం చెప్పినా "నీకెలా తెలుసు?" అని అడగమన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నేను పురోహితుల్ని, జ్యోతిష్కుల్ని, ఒకసారి మా మేనమామను కూడా నోరెత్తకుండా చేశాను. అదే ప్రశ్న అప్పుడప్పుడు నన్ను నేను వేసుకోవాలని మాత్రం నాకు తోచలేదు. ఎదుటివాడి మీద వాడినంతసేపూ అది చాలా సుఖంగా ఉంటుంది.

అలాంటి మనిషిని గట్టుపేట కోటకు పంపారు.

నీలమ్మ పసుపునీళ్లు

గట్టుపేట టెక్కలికీ నౌపడకూ మధ్య ఒక గుట్టను ఆనుకుని ఉంటుంది. గుట్టెక్కితే తూర్పున ఉప్పుమడులు, తెల్లగా కుప్పలు పోసిన ఉప్పు, ఆ వెనక భావనపాడు వైపు సముద్రం గీతలా కనిపిస్తాయి. గుట్ట నడుం చుట్టూ రెండు నిలువుల ఎత్తు రాతిగోడ. సున్నం లేదు. రాయి మీద రాయి పేర్చిన కట్టుబడి, లోపలివైపు మట్టి. తూర్పుగోడ కింద వరసగా అయిదు ఇళ్లు, వాటి ముందు జీడితోట, ఆ కింద వరిమడులు. మొదటి ఇల్లు నీలమ్మది. మొగుడు పోయి చాలా కాలమైంది. పక్కిల్లు ఆమె మరిది అసిరయ్యది. అసిరయ్య రాతిపని మేస్త్రీ.

ఏరువాకకు ముందు వచ్చే ఆదివారం ఆ ఊళ్లో ఒక పండగ చేస్తారు. దాన్ని రాయెత్తు అంటారు. ప్రతి ఇంటివాళ్లూ ఒక రాయి మోసుకొస్తారు. ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్లు తెస్తారు. గోడ లోపలి అంచున నేలలో రాళ్లు పరిచిన గుంటలున్నాయి. ఒక్కో గుంటలో ఒక్కో బిందె కుమ్మరిస్తారు. గోడ అడుగున బయటివైపు తూముల్లాంటి కన్నాలున్నాయి. పిల్లలు ఆ కన్నాల ముందు కూర్చుని చూస్తుంటారు. పచ్చనీళ్లు బయటకు వస్తే "తల్లి మెచ్చినాదిరో" అని కేకలు. రాకపోతే "తల్లి అలిగినాది" అని మగవాళ్లు గునపాలు పట్టుకుని ఆ కన్నంలోకి చేతులు దూర్చి మట్టి, వేళ్లు, చచ్చిన ఎలుకలు అన్నీ లాగిపారేస్తారు. మళ్లీ నీళ్లు. తల్లి మెచ్చేదాకా ఇదే వరస. ఆ తరవాత, తెచ్చిన రాళ్లను ఎక్కడెక్కడ గోడ వదులైందో అక్కడ బిగిస్తారు. ఎక్కడ పెట్టాలో చెప్పేది అసిరయ్య. చివరికి కోళ్లు కోసి, నెత్తురు గోడకు పూసి, భోజనాలు.

నేను మొదటిసారి చూసినప్పుడు నా కళ్లకు కనపడింది రెండే: పసుపు, నెత్తురు. మధ్యలో జరిగిన పనంతా నా కళ్ల ముందే జరిగింది. నేను చూడలేదు. చదువుకున్నవాడి గుడ్డితనం ఇలాగే ఉంటుంది. వాడు ఏది మూఢనమ్మకమో ముందే నిర్ణయించుకుని వస్తాడు కాబట్టి మిగతాది వాడి కంటికి ఆనదు.

నోటీసు

ఆ ఏడే నోటీసు అతికించాను. గోడ ఎక్కరాదు, గోడకు రాళ్లు చేర్చరాదు, పసుపు గానీ రక్తం గానీ పూయరాదు, అతిక్రమించినవారు శిక్షార్హులు. నీలమ్మకు చదువు రాదు. ఎవరి చేతో చదివించుకుని, నేను మూడు కాళ్ల స్టాండు పెట్టి కొలతలు తీసుకుంటున్న చోటికి వచ్చింది.

"ఏటి బాబూ, అమ్మకి నీల్లొద్దంతన్నావట?"

"నీళ్లు వద్దనలేదమ్మా. ఇది ప్రభుత్వం కాపాడే గోడ. దీని మీద ఎవరూ ఏమీ పొయ్యకూడదు."

"మరి వాన పోస్తాది. దానికీ అంటించినావా కాయితం?"

నా కూలీలు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వాదసభ ఆయుధం తీశాను.

"నీళ్లు పోస్తే గోడ నిలుస్తుందని నీకెలా తెలుసు?"

"మా అత్త సెప్పినాది."

"మీ అత్తకెవరు చెప్పారు?"

"ఆవిడత్త సెప్పినాది."

"అలా వెనక్కి పోతే మొదటి అత్తకు ఎవరు చెప్పారు?"

"గోడే సెప్పుంతాది బాబూ. నువ్వెప్పుడన్నా అడిగినావేటి దాన్ని?"

నేను నవ్వి మళ్లీ కొలతల్లో పడ్డాను. గెలిచాననుకున్నాను.

పండగ ఆగింది. ఆ తరవాతి వేసవిలో తూర్పుగోడ మొత్తానికి సిమెంటు పూయించాను. రాళ్ల సందులన్నీ నింపించాను. అప్పట్లో చాలా చోట్ల అదే చేసేవాళ్లు. కానీ ఆ వంక నేను వాడుకోను. ఎందుకంటే కన్నాలు మూయమని ఎవరూ నాకు చెప్పలేదు. పాములు దూరుతున్నాయని, చూడటానికి అసహ్యంగా ఉన్నాయని నేనే మూయించాను. అసిరయ్య అడ్డొచ్చాడు.

"బాబూ, కన్నాలు ఒగ్గీండి. గోడకి కడుపొస్తాది."

"గోడకు కడుపేమిటయ్యా?"

"నీరు నిలిస్తే గోడ ఉబ్బుతాది. సూలింతయితే నయమే. ఇది బిడ్డని కనదు, మన మీద పడతాది."

మేస్త్రీల మోటు మాటలని నేను కొట్టిపారేశాను. పని పూర్తయ్యాక గోడ నున్నగా, బూడిదరంగులో, కొత్త గోదాములా మెరిసింది. ఫొటో తీయించి మా ఆఫీసు గోడకు తగిలించాను.

రాతిని నరికిన రాజు

ఆ చలికాలంలో రాతి కట్టడాల మరమ్మతు మీద జపాన్‌లో మూడు వారాల శిక్షణ ఉందని కాగితం వచ్చింది. దూరదేశమంటే పై అధికారులు ఉత్సాహపడ్డారు గానీ, అక్కడ రాళ్లు మొయ్యాలని రెండో పేజీలో చదివి నా పేరు రాసేశారు. అలా నేను ఒకినావా దీవికి వెళ్లాను. ఒకప్పుడు అది ర్యూక్యూ అనే వేరే రాజ్యం. చైనాకూ, జపాన్‌కూ, ఆగ్నేయాసియా రేవులకూ మధ్య పడవ వ్యాపారం చేసి బతికిన దీవులు.

మాకు పని చూపించింది ఆ దీవి ఉత్తరాన ఉన్న నకిజిన్ కోటలో. దాని కథ చెప్పాలి. ర్యూక్యూ ఒక్క రాజ్యం కాకముందు మూడు ముక్కలుగా ఉండేది. ఉత్తరపు ముక్కను ఏలిన దొరలు ఈ కోటలో ఉండేవారు. పదిహేనో శతాబ్దం మొదట్లో మధ్య రాజ్యంవాళ్లు వచ్చి దీన్ని పట్టుకున్నారు. ఎదురుగా పోరాడి కాదు, లోపలి మనిషొకడు తలుపు తీసి ద్రోహం చేయడంవల్ల పట్టుకున్నారని చెబుతారు. ఓడిపోయిన దొర కోటను కాపాడవలసిన దేవతరాయి ముందుకెళ్లి, ఇన్నాళ్లూ పూజలందుకుని నన్ను కాపాడలేదని కత్తితో ఆ రాతిని నరికాడట. ఆ తరవాతే తనను తాను చంపుకున్నాడట. తరవాత రెండు వందల ఏళ్లు గెలిచినవాళ్ల ప్రతినిధులు ఆ కోటలో ఉన్నారు. పదిహేడో శతాబ్దం మొదట్లో జపాన్ దక్షిణం నుంచి సత్సుమా సైన్యం వచ్చి తగలబెట్టింది. క్రమంగా అక్కడ కాపురాలు పోయాయి. మొక్కుకునేవాళ్లు మాత్రం రావడం మానలేదు.

రాతిని నరికిన దొర కథ విని నేను ఉప్పొంగిపోయాను. చూశారా, దేవత కాపాడదని తెలుసుకున్న మొదటి హేతువాది అన్నాను. మాకు పని నేర్పుతున్న ముసలి మేస్త్రీ, మా మధ్య మాటలు తర్జుమా చేసే దుబాసీ అమ్మాయి చెప్పిందంతా విని నింపాదిగా అన్నాడు: "తలుపు తీసింది మనిషి. నరికింది రాతిని. ఇందులో తెలివి ఏముంది?"

వాదంలో ఓడిపోవడం నాకు అదే మొదలు కాదేమో గానీ, ఒప్పుకున్నది మాత్రం అదే మొదలు.

ఆ కోటగోడలు చెక్కని సున్నపురాళ్లతో పేర్చినవి. గుట్ట ఎలా వంపు తిరిగితే గోడ అలా వంపు తిరుగుతుంది. ఎక్కడా సిమెంటు లేదు. గోడ వెనక గులకరాళ్లు దట్టంగా నింపారు. మేస్త్రీ ఒక బకెట్టు నీళ్లు వెనక పోసి నన్ను ముందుకెళ్లి చూడమన్నాడు. రాళ్ల సందుల్లోంచి నీళ్లు చిన్నగా కారుతున్నాయి. ఇలాంటి గోడ తాగిన నీళ్లు కక్కాలి, కక్కకపోతే ఉబ్బి పడుతుందని దుబాసీ చెప్పింది. ఆ అమ్మాయికి మాట తోచక తన కడుపు మీద చేత్తో గుండ్రంగా చూపించింది.

అసిరయ్య అన్న మాటే! సముద్రం అవతల, తెలుగు ముక్క రాని మనిషి నోట!

ఆ మధ్యాహ్నమే నలుగురు ముసలావిళ్లు కోట లోపల చెట్ల నీడలో కూర్చుని అగరొత్తులు వెలిగించి, బియ్యం పెట్టి, మొక్కుకున్నారు. వాళ్లను ఎవరూ తరమలేదు. పని చేసేవాళ్లు వాళ్ల దారికి అడ్డంగా ఉన్న రాళ్లను పక్కకు జరిపారు. ఆ మేస్త్రీని అడిగాను, నువ్వు ఆ దేవతను నమ్ముతావా అని. "నేను గోడను నమ్ముతాను. కానీ గోడ ఎక్కడ జారుతోందో ముందు వాళ్లే చెబుతారు. నాకంటే ఎక్కువసార్లు ఇక్కడికి వచ్చేది వాళ్లే" అన్నాడు.

ఆగిన అయిదు నెలలు

తిరిగొచ్చాక నేను చేయవలసింది ఒక్కటే. మర్నాడే గట్టుపేట వెళ్లి అసిరయ్య చేతికి ఉలి ఇచ్చి ఆ కన్నాలు తెరిపించాలి. నేను చేసింది, ఫైలు పెట్టడం. ఆ ఫైలులో "తప్పు" అన్న మాట రాయలేదు. "సాంకేతిక పునఃపరిశీలన" అని రాశాను. అనుమతి వచ్చేదాకా ఆగాలి కదా అనుకున్నాను. అసలు కారణం అది కాదు. అసిరయ్య ముందు తల వంచాల్సి వస్తుందని ఆగాను. అయిదు నెలలు ఆగాను. తప్పు తెలియక చేసినవాణ్ని నేను క్షమిస్తాను. తెలిశాక ఆగినవాణ్ని క్షమించడం నాకు ఇప్పటికీ కష్టం.

వానలు ముదిరాయి. ఒక సాయంత్రం నీలమ్మ ఫోను చేసింది.

"బాబూ, రెండ్రోజుల్నుంచి గోడ పైనుంచి గులకలు రాల్తన్నాయి. టకటకమని సప్పుడు. అసిరిగాడు కడుపు ఒచ్చీసినాదంతన్నాడు."

నేను ఏమన్నానో దాచను. "సిమెంటు వేశాం కదమ్మా, ఏం కాదు. రెండు రోజుల్లో వస్తాను" అన్నాను.

"సర్లే బాబూ. నువ్వు బేగి రా" అని పెట్టేసింది.

నా మాట ఆమె వినలేదు. చీకటి పడేలోగా అయిదిళ్లవాళ్లనూ, పశువులనూ, పొయ్యి మీది అన్నంకుండలతో సహా బడికి తరలించేసింది. రానన్న తన మరిదిని "ఒరే అసిరిగా, గోడకి మేస్త్రీవి నువ్వే గానీ, గోడ నీకు సుట్టం కాదురా. లే!" అని చీపురు పట్టుకుని లేపిందట. మర్నాడు పొద్దున్న పాలు పితికే వేళకు తూర్పుగోడ ముప్పై అడుగుల మేర పడిపోయింది. నీలమ్మ పశువుల సాల నేలమట్టమైంది. అసిరయ్య వంటిల్లు సగం పోయింది. మనుషులకు గీత కూడా పడలేదు.

నేను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె రాళ్లలోంచి పాలచెంబు వెతుక్కుంటోంది. నన్ను చూసి అంది:

"ఒచ్చినావా? నీ మాట ఇనుంటే ఈ పాటికి నువ్వు నాకు దండేసీవోడివి."

రాళ్లు చెప్పిన సంగతి

గోడ పడ్డాక ఊరంతా ఒక దానికోసం వెతికింది. గోడ కట్టేటప్పుడు ఎన్నిసార్లు కట్టినా పడిపోతుంటే ఒక కొత్తకోడల్ని నిలబెట్టి చుట్టూ కట్టేశారని, అందుకే నిలిచిందని ఆ ఊళ్లో కథ. ఎముకలు కనపడతాయని జనం మూగారు. నేను పదిరోజులు ఉండి ఒక్కొక్క రాయీ తీయించాను. ఎముక లేదు. ఆ మాట ఊరి మధ్య నిలబడి చెప్పాను. ఆడదాన్ని బలిపెడితే గోడ నిలుస్తుందన్నది అబద్ధమని, ఇక ఆ కథ పిల్లలకు చెప్పొద్దని గట్టిగానే చెప్పాను. ఈ ఒక్క విషయంలో నాకు అప్పుడూ ఇప్పుడూ సందేహం లేదు.

"ఎముకలు నీ సిమ్మెంటు తినీసుంతాది" అంది నీలమ్మ. కానీ ఆ తరవాత ఆమె ఆ కథ చెప్పగా నేను వినలేదు.

ఎముకకు బదులు వేరేది దొరికింది. గోడ తెగిన చోట నిలబడి చూస్తే అడుగున పెద్ద పెద్ద రాళ్లు. ఇద్దరు ముగ్గురు కలిస్తే గానీ కదలనివి. అది జమీందారు కట్టుబడి. అది మనిషి నడుం ఎత్తు దాకానే ఉంది. ఆ పైన ఒక మనిషి మొయ్యగలిగిన రాళ్లు, వరస మీద వరస. వాటి మధ్య బిగించిన పెంకులు, కుండ ముక్కలు. ఇంకా పైకొస్తే గోలీసోడా సీసా ముక్క, ఆ పైన రబ్బరు చెప్పు ముక్క. అసిరయ్య దాన్ని తీసి చూసి "ఇది మా అయ్యది" అన్నాడు, అంతే మామూలుగా.

కోట ముందు బోర్డు మీద నేను రాయించిన చరిత్ర ఏమిటి? ఫలానా జమీందారు కట్టించిన కోట. ఆయన కట్టించింది నడుం దాకా. అది కూడా చాలాసార్లు పడి ఉండాలి. మిగతాదంతా ఏటా ఏరువాకకు ముందు ఇంటికో రాయి చొప్పున ఆ ఊరు కట్టింది. నేను నోటీసు అంటించి ఆపింది పూజను కాదు, మరమ్మతును. రాజుల చరిత్రకు ఎదురుతిరిగానని గొప్పలు చెప్పుకున్న నేను, నా చేతికి దొరికిన ఒక్క ఊరి చరిత్రనూ ఒక చిన్న దొరకు రాసిచ్చేశాను.

కారణం అన్న గడి

గోడ పడితే రిపోర్టు రాయాలి. అందులో "కారణం" అని ఒక గడి ఉంటుంది. మా పై అధికారి విశాఖపట్నం నుంచి వచ్చి కూలిన చోటు చూశారు. చెడ్డమనిషి కాదు. శాసనాలు బాగా చదివేవారు. భయస్థుడు. నన్ను పక్కకు పిలిచారు.

"అధిక వర్షం అని రాయి. గోడ అడుగున ఆక్రమణదారుల తవ్వకాలు అని కూడా రాయి. ఈ అయిదిళ్లూ ఇక్కడినుంచి తీయించేద్దాం. వాళ్లకూ క్షేమం, మనకూ క్షేమం."

"వాళ్లు ఏమీ తవ్వలేదు సార్."

"పశువుల సాలకు గుంజలు పాతలేదా? అది తవ్వడం కాదా?"

వాళ్లను పంపదలచిన చోటు నౌపడ వైపు ఉప్పుమడుల అంచున ఉంది. ఆ సంగతి అప్పటికే ఊరికి తెలిసిపోయింది. మర్నాడు నీలమ్మ, నేను రిపోర్టు రాసుకుంటున్న బడి అరుగు దగ్గరకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ ఉండే వేళాకోళం ఆమె మొహంలో లేదు.

"బాబూ, ఆడ నుయ్యి తవ్వితే ఉప్పునీరొస్తాది. గేదికి తాగించాలా, పప్పులో పొయ్యాలా? ఈడ జీడిమొక్కలు నా సేత్తో ఏసినాను. నా పెనిమిటిని ఈ గట్టునే కాల్సినాం. మమ్మల్ని ఎందుకు తీసీస్తారు? గోడ పడినందుకా? పడీసింది ఎవలు?"

ఆమె నా ముందున్న కాగితం వైపు చూపించింది.

"నాను సదుంకోలేదు. ఆ కాయితంలో నువ్వేటి రాసినా నాకు తెల్దు. నీకు తెలుస్తాది."

అంతే అని వెళ్లిపోయింది. "నీకెలా తెలుసు?" అని జీవితమంతా జనాన్ని నిలదీసిన నన్ను, నీకు తెలుసు కదా అని ఒక మనిషి నిలదీసి వెళ్లింది.

కారణం అన్న గడిలో ఇలా రాశాను: నీరు పోయే పదకొండు కన్నాలనూ నా ఆదేశంతో మూసివేయడం, రాళ్ల సందులను నా ఆదేశంతో సిమెంటుతో నింపడం, ఏటా జరిగే మరమ్మతును నా నోటీసుతో ఆపడం, తప్పు తెలిశాక అయిదు నెలలు నేను చర్య తీసుకోకపోవడం. గోడ కింది అయిదు కుటుంబాలు ఆక్రమణదారులు కారు, గోడలో పైభాగం కట్టినవారి వారసులు. సాక్ష్యంగా తెగిన గోడ బొమ్మ గీసి, చెప్పుముక్కతో సహా వరసలన్నీ గుర్తించాను.

పై అధికారి చదివారు. మళ్లీ చదివారు. "నీ మీద నువ్వే కేసు రాసుకున్నావు" అన్నారు. "మరి ఈ పసుపునీళ్లనీ సమర్థిస్తావా? నువ్వు నాస్తికుడివి కదయ్యా!"

"పసుపును సమర్థించలేదు సార్. నీళ్లను సమర్థించాను" అన్నాను.

ఆయన కలం మూత రెండుసార్లు తీసి పెట్టారు. తరవాత సంతకం పెట్టి పైకి పంపారు. ఆ సంతకానికి నేను ఆయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను. భయం లేనివాడు సంతకం పెట్టడం పెద్ద విషయం కాదు.

ఆ తరవాత

నాకు శిక్ష పడింది. న్యాయమైనదే. దాని గురించి రాసేంత ఏమీ లేదు. అయిదిళ్లూ అక్కడే ఉన్నాయి. మిగిలిన సిమెంటును అసిరయ్య మనుషులు ఉలితో గీకి తీశారు. పడిన ముప్పై అడుగులనూ రెండు వేసవుల్లో తిరిగి కట్టారు. నేను కాగితం మీద కొలతలు చెప్పేవాణ్ని. అసిరయ్య "అలాగే బాబూ" అని తనకు తోచినట్టు కట్టేవాడు. తనకు తోచిందే సరిగ్గా ఉండేది.

నోటీసు పీకించాను. రాయెత్తు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు నీలమ్మకూ నాకూ బేరం జరిగింది. గోడ మీద కోడిని కోయకూడదన్నాను. ఆమె గంటసేపు పోట్లాడి, సరే ఇంట్లో కోసుకుంటామంది.

"మరి నువ్వూ ఒక రాయి ఎత్తాల."

"నాకు మీ తల్లి మీద నమ్మకం లేదమ్మా."

"తల్లికి నీ మీద ఉన్నాదేటి? రాయెత్తు, నమ్మకం సంగతి మీరూ మీరూ సూసుకోండి."

ఎత్తాను. దణ్ణం పెట్టలేదు. ఎవరూ పెట్టమనలేదు. నా రాయిని అసిరయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "అడుక్కి పనికిరాదు, మద్దిలోకి సూద్దాం" అని రెండు రాళ్ల సందున బిగించాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నా పని మీద వచ్చిన నిఖార్సైన అభిప్రాయం అదే. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

నేను హేతువాదినే. దేవత గోడ నిలబెట్టిందని నేను చస్తే రాయను. చేతులు నిలబెట్టాయి. కానీ హేతువాదం అంటే ఎదుటివాడు నమ్మేదాన్ని వెక్కిరించడం అనుకున్నంతకాలం నేను హేతువాదిని కాను, వట్టి వాచాలుణ్ని. వాళ్లు చెప్పే కారణం తప్పయినా, చేసే పని ఒప్పు కావచ్చు. రెండింటినీ విడదీసి చూడటానికే కదా మనకు బుద్ధి ఉన్నది! పిల్లల చేత వాదనలు చేయించే మాస్టార్లు ఇది కూడా నేర్పితే బాగుండును.

ఇక ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీతో, ఇప్పటికే వచ్చినవాళ్లతో ఒక్క మాట. ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయిన ప్రతివాడి బీరువాలోనూ తన తప్పును వానమీదకో, ఊరిమీదకో, దిక్కులేని ఇంటిమీదకో నెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. అది ఎక్కడుందో మీకు తెలుసు. ఆ కాగితం వల్ల ఇల్లు కదలబోతున్నవాళ్లు ఎవరో కూడా తెలుసు. అనుమతి కోసం ఆగకండి. రేపు ఆఫీసు తెరవగానే దాన్ని బయటకు తీయండి. కారణం అన్న గడిలో ఉన్నది కొట్టేసి, మీ పేరు రాసి, సంతకం పెట్టి పైకి పంపండి.